లిమా కొండ మెట్ల మీద ఇద్దరు ఎల్డర్లు

పొద్దున్న ఆరున్నర. అలారం మోగడమే ఆలస్యం, కుర్రాళ్ళిద్దరూ లేచి మంచాల పక్కన మోకాళ్ళ మీద కూచుంటారు. ఒకడిది అమెరికాలో ఐదాహో, ఇంకొకడిది బొలీవియాలో కొచబాంబ. ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళే. కళ్ళు ఇంకా నిద్రమత్తులోనే ఉన్నాయి గానీ పెదాలు కదులుతున్నాయి. గదిలో రెండు ఇనప మంచాలు, రెండు బల్లలు, గోడ మీద పేట మ్యాపు, కిటికీ ఊచలకి వేలాడుతున్న తెల్ల చొక్కాలు. ప్రార్థన ముగిశాక ఐదాహో కుర్రాడు ఒక చొక్కా అంచు పట్టి చూస్తాడు. రాత్రి ఆరేసినప్పుడు ఎంత చెమ్మగా ఉందో ఇప్పుడూ అంతే. అదే తొడుక్కోవాలి. ఒంటి వేడికే ఆరాలి.

ఇది లిమా మహానగరంలో దక్షిణ భాగపు పేట, విల్లా మరియా దెల్ త్రియుంఫో. మనకి ఆగస్టు అంటే శ్రావణమాసం వానలు. భూమధ్యరేఖకి దిగువనున్న పెరూలో అది నడి చలికాలం. పసిఫిక్ సముద్రం మీంచి వచ్చిన మంచు నెలల తరబడి ఈ కొండల్ని వదలదు. సూర్యుడు కనపడడు. అలాగని వానా పడదు. గరువా అని పిలిచే సన్నటి తుంపర గాలిలో తేలుతుంటుంది. గోడలు, దుప్పట్లు, పుస్తకాల అట్టలు అన్నీ చెమ్మెక్కుతాయి. ఇంత చెమ్మలోనూ ఇది ఎడారి నగరమే. ఏడాదంతా కురిసింది కలిపినా రెండు సెంటీమీటర్లు నిండదు. కొండ పైభాగంలోని చాలా ఇళ్ళకి నీళ్ళు ట్యాంకర్లలో రావాల్సిందే.

అరగంట వ్యాయామం. నేల మీద దండీలు తీస్తుంటే పైనుంచి కుక్కల అరుపులు. ఈ పేటలో కాపలా కుక్కలు డాబాల మీదే ఉంటాయి. ఇటుక గోడలకి సున్నం ఉండదు. పిల్లర్ల ఇనప చువ్వలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, ఎప్పటికైనా ఇంకో అంతస్తు వేద్దామన్న ఆశతో. స్నానాల గదిలో షవర్‌లోనే కరెంటు హీటర్ బిగించి ఉంది. తడి చేత్తో కుళాయి తిప్పితే చిన్న షాకు కొడుతుంది. రబ్బరు చెప్పులు తొడుక్కుని వెళ్ళాలని కొచబాంబ కుర్రాడు కొత్తగా వచ్చిన తన జోడీకి మొదటిరోజే నేర్పాడు.

టై కట్టుకుని, చొక్కా జేబు మీద నల్ల బ్యాడ్జీ పెట్టుకుంటారు. దాని మీద మగ మిషనరీల బిరుదు ఎల్డర్ అన్న మాట, పక్కన ఇంటిపేరు, కింద చర్చి పూర్తి పేరు స్పానిష్‌లో. తెలుగులో దాన్ని యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అంటారు. లోకం మార్మన్లు అని పిలిచేది వీళ్ళనే. ఆ పిలుపు వద్దు, పూర్తి పేరే వాడండని 2018లో అప్పటి చర్చి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ గట్టిగా చెప్పాడు. వీధిలో పిల్లలకి అవేవీ పట్టవు. మోర్మోనెస్, మోర్మోనెస్ అంటూ వెంటపడి బ్యాడ్జీ తాకి చూస్తారు.

1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘానికి ఇవాళ కేంద్రం సాల్ట్ లేక్ సిటీ. పద్ధెనిమిది నిండిన అబ్బాయిలు రెండేళ్ళపాటు మిషనరీలుగా వెళ్తారు. 2012 దాకా ఆ వయసు పంతొమ్మిది. అమ్మాయిల మిషన్ పద్ధెనిమిది నెలలు. ఏ దేశమో వాళ్ళు కోరుకోరు. కేంద్రం నుంచి పిలుపు వస్తుంది, అందులో ఏ ఊరి పేరుంటే ఆ ఊరే. జీతం లేదు. అమెరికా కుటుంబాలైతే నెలకి 500 డాలర్లు ఎదురు కట్టాలి. ఐదాహో కుర్రాడు హైస్కూలు రోజుల్లో ప్రతి శరదృతువులోనూ బంగాళాదుంపల తవ్వకానికి కూలికి వెళ్ళి కొంత దాచాడు, మిగతాది వాళ్ళ నాన్న వేస్తున్నాడు. స్పానిష్‌లో ఆరు వారాల శిక్షణ అయ్యాక ఇక్కడికొచ్చి పడ్డాడు.

నియమాల్లో అన్నిటికన్నా పెద్దది జోడీ. స్నానాల గదిలోకి తప్ప ఎక్కడికీ ఒంటరిగా పోకూడదు. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడూ గదిలోనే ఉండాలి. జోడీని ఎంచుకునే వీలూ లేదు. ఆరేసి వారాలకోసారి మార్పులుంటాయి. మిషన్ అధ్యక్షుడు ఎవరితో ఉండమంటే వాళ్ళతో ఉండాలి. రెండేళ్ళపాటు సినిమాల్లేవు, ప్రేమల్లేవు, పెళ్ళిళ్ళకి రాకపోకల్లేవు. ఇంట్లో తాత పోయినా చాలామంది ఇక్కడే ఉండిపోతారు.

ఎనిమిది నుంచి చదువు. ముందు ఎవరి గ్రంథం వాళ్ళు, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత భాష. ఐదాహో కుర్రాడి నోటుపుస్తకం నిండా స్పానిష్ క్రియారూపాలు. ఇవాళ ఎవరి ఇంట్లో ఏం చెప్పాలో అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, గొంతు పెట్టి చదువుతాడు. కొచబాంబ కుర్రాడు ఎదురుగా కూచుని గృహస్థుడి పాత్ర వేస్తాడు. అడ్డు ప్రశ్నలు వేస్తాడు. ‘మాకు బైబిలుంది కదా, మార్మన్ గ్రంథమని ఇంకో పుస్తకం దేనికి?’ అని అతనడిగితే ఐదాహో కుర్రాడు చెవులు ఎర్రబడేదాకా మాటల కోసం వెతుక్కుంటాడు.

పదింటికి వీధిలో పడతారు. మూలమీద ఎమోలియెంతె బండి దగ్గర ఆవిర్లు; బార్లీ, మూలికలు కాచిన పానీయం అది. టీ, కాఫీ, మద్యం, పొగాకు వీళ్ళకి నిషేధం గానీ ఇది తాగొచ్చు. చెరో గ్లాసు తాగి మెట్లెక్కడం మొదలుపెడతారు. కొండ నిటారుగా ఉంటుంది. వీధులు సగంలో ఆగిపోతాయి, ఆపైన సిమెంటు మెట్లే. తుంపరకి మెట్లు నున్నగా జారుతున్నాయి. ఇనప తలుపులు గనక వేళ్ళతో తడితే లోపలికి వినపడదు. జేబులోంచి నాణెం తీసి టకటకా కొడతారు. ‘ఎవరూ?’ అని లోపల్నించి గొంతు. ‘యేసుక్రీస్తు సంఘం నుంచండీ, మిషనరీలం.’ ఆపైన నిశ్శబ్దం.

పొద్దుటి పని చాలామటుకు ఇదే. కొన్ని తలుపుల మీద ‘ఈ ఇల్లు క్యాథలిక్కులది’ అని స్టిక్కరు ఉంటుంది. కొందరు కిటికీ తెర పక్కకి జరిపి చూసి మళ్ళీ వేసేస్తారు. ఒక చిన్నపిల్ల తలుపు సందులోంచి, ‘ఇంట్లో ఎవరూ లేరని చెప్పమంది అమ్మ’ అంటుంది. ఒకాయన మర్యాదగా, తీరిగ్గా, తనకెందుకు అక్కర్లేదో పది నిమిషాలు వివరిస్తాడు. ఐదాహో కుర్రాడు తలూపుతూ మొత్తం వింటాడు. ఆయన చెప్పింది పూర్తయ్యాక చెయ్యి కలిపి, ‘మీ సమయమిచ్చారు, సంతోషం’ అని మెట్లెక్కుతాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో రోజంతా కాదనిపించుకుంటూ, పై మెట్టు దగ్గర మళ్ళీ నాణెం తీసి ఇంకో తలుపు కొట్టడం తేలిక కాదు. నేను ఈ కుర్రాళ్ళ నమ్మకాల్లో చాలావాటిని ఒప్పుకోను. ఈ ఓర్పుని మాత్రం గౌరవిస్తాను.

పదకొండు దాటాక కింద రోడ్డు మీద హారను. నీళ్ళ ట్యాంకరు. ఒక్క నిమిషంలో పేటంతా బయట ఉంటుంది. రోడ్డు వారన వరసగా నీలం ప్లాస్టిక్ పీపాలు. డ్రైవరు గొట్టం విదిలించి ఒక్కో పీపా నింపుతాడు, ఆడవాళ్ళు ఎప్రన్ జేబుల్లోంచి చిల్లర లెక్కపెడతారు. కింద సంపన్నుల పేట మిరాఫ్లోరెస్‌లో తోటలకి పట్టే కుళాయి నీళ్ళకన్నా ఇక్కడ పీపా నీళ్ళకి ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టాలి. పీపా రోడ్డు మీద నిండుతుంది, ఇల్లు పైన ఎక్కడో ఉంటుంది. మధ్యలో మోసేది మనుషులే.

కొచబాంబ కుర్రాడు ఏమీ అనకుండా టై విప్పి చుట్టి జేబులో పెట్టుకుంటాడు. చేతులు మడిచి రెండు బకెట్లు అందుకుంటాడు. ఐదాహో కుర్రాడూ అంతే. బకెట్ నిండా పోయకూడదు, రెండు వేళ్ళ వెలితి ఉంచాలి. లేకపోతే ప్రతి మెట్టుకీ నీళ్ళు చిందుతాయి. మధ్యలో ఆగితే మళ్ళీ ఎత్తడం కష్టం గనక మలుపు దాకా ఆగకూడదు. ఎదురుగా కుక్క వస్తే వంగి రాయి తీసినట్టు నటించాలి. ఇవన్నీ ఐదాహో కుర్రాడు ఈ మెట్ల మీదే నేర్చుకున్నాడు. ముందు బిడ్డని ఎత్తుకున్న ఒకామె బకెట్లు, తర్వాత ఇందాక కిటికీ తెర మూసేసినావిడవి. ఆవిడ పేరు అడగరు, పుస్తకం ఇవ్వరు. చివరి బకెట్ పీపాలో వంచాక ఆవిడే లోపలికెళ్ళి ఊదా మొక్కజొన్నతో కాచిన చిచా మొరాదా రెండు గ్లాసులు తెచ్చి గుమ్మంలో పెడుతుంది. వాళ్ళు నిలబడే తాగి గ్లాసులు తిరిగిస్తారు. అంతే.

ఒంటిగంటకి భోజనం. చర్చి సభ్యురాలైన ఒకావిడ నెలకింత అని తీసుకుని మధ్యాహ్నం అన్నం పెడుతుంది. ముందు సూప్, తర్వాత అన్నం, ఉడికిన దుంపల మీద పసుపుపచ్చ మిరపకాయ గుజ్జులో వేసిన కోడిమాంసం. ‘ఇంకొంచెం వడ్డించనా నాయనా?’ అని అడుగుతూనే వడ్డించేస్తుంది. గోడ మీద ఒక ఫొటో: తెల్లచొక్కా, నల్ల బ్యాడ్జీ. ఆవిడ కొడుకు. అర్జెంటీనాలో మిషన్‌లో ఉన్నాడు. ఇక్కడ వీళ్ళకి పెడితే అక్కడ వాడికి ఎవరో ఒకరు పెడతారని ఆవిడ నమ్మకం. ఆవిడ తీసుకునే డబ్బుకి ఈ భోజనం గిట్టదు.

మూడింటికి కొండ నడుమ ఉన్న ఒక అవ్వ ఇంటికి. ఒంటరి ఆడవాళ్ళ ఇంట్లోకి ఎల్డర్లు అడుగుపెట్టకూడదు గనక ముగ్గురూ గుమ్మం బయటే ప్లాస్టిక్ కుర్చీల్లో కూచుంటారు. అవ్వది ఆండీస్ కొండల్లోని అయకూచో. 1980లో షైనింగ్ పాత్ అనే మావోయిస్టుల తిరుగుబాటు అక్కడే మొదలైంది. ఒకవైపు వాళ్ళు, ఒకవైపు సైన్యం, మధ్యలో కెచువా మాట్లాడే పల్లెలు నలిగిపోయాయి. చనిపోయినవాళ్ళూ మాయమైనవాళ్ళూ కలిపి 69 వేలకు పైనేనని 2003లో సత్య కమిషన్ తేల్చింది. నూటికి డెబ్బై అయిదుమంది కెచువా లేదా మరో ఆదివాసీ భాష మాతృభాషగా గలవాళ్ళు. ఈ కొండల మీది ఇళ్ళలో కొన్నిటిని కట్టుకున్నది ఆ రోజుల్లో పారిపోయి వచ్చినవాళ్ళే.

అవ్వకి స్పానిష్ వచ్చు గానీ కొడుకు గురించి చెప్పాల్సొస్తే కెచువాలోకి వెళ్ళిపోతుంది. కొచబాంబ కుర్రాడు వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చిన కెచువా ఇక్కడి దానికి కాస్త తేడా, అయినా అందుతుంది. ‘రాత్రిపూట బూట్లవాళ్ళు వచ్చారు. తీసుకుపోయారు’ అంటుంది. బూట్లు ఎవరివో చెప్పదు. కొచబాంబ కుర్రాడు అడగడు. ఐదాహో కుర్రాడికి ఒక్క మాటా అర్థం కావట్లేదు. ఫోను తీయడు, గడియారం చూడడు. అవ్వ మొహం వంకే చూస్తూ కూచుంటాడు. అవ్వ శాలువాలో మూటగట్టిన ఉడికిన దుంపలు తీసి బొటనవేలి గోరుతో తొక్క ఒలిచి, ఉప్పద్ది అతనికందిస్తుంది. పెరూలో మూడు వేలకు పైగా రకాల దుంపలున్నాయి. ఐదాహో పొలాల్లో టన్నులు తవ్విన కుర్రాడు ఇలాంటిది, లోపల గుడ్డు పచ్చసొన రంగులో పొడిపొడిగా ఉండేది, ఇక్కడికొచ్చాకే తిన్నాడు.

కుటుంబ బంధం చావుతో తెగదని, ఆలయంలో ముద్రవేసిన బంధం పరలోకంలోనూ నిలుస్తుందని వీళ్ళ బోధ. చనిపోయినవాళ్ళ పేరున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకునే ఆచారమూ వీళ్ళకుంది. లిమాలో 1986లో ప్రతిష్ఠించిన ఆలయంలో అది జరుగుతుంది. సమాధి కూడా లేని కొడుకున్న తల్లికి ఆ మాట ఎలా వినపడుతుందో ఊహించండి. ఈ కొండల్లో ఈ సంఘం పెరగడానికి కారణం వెతికితే నాకు ఇక్కడే దొరికింది. అవ్వ మాత్రం మెళ్ళో శిలువ తాకి, ‘నేను నా కన్య మరియమ్మని వదల్లేను బాబూ’ అంటుంది. కొచబాంబ కుర్రాడు, ‘వదలక్కర్లేదు అవ్వా, వచ్చే గురువారం మళ్ళీ వస్తాం’ అంటాడు.

ఈ బ్యాడ్జీకి ప్రాణాపాయం ఉన్న రోజులూ ఉండేవి. 1989లో బొలీవియాలోని లాపాజ్‌లో ఇద్దరు అమెరికన్ మిషనరీలను, 1990లో పెరూలోని హువాంకాయోలో ఇద్దరు పెరూ మిషనరీలను కాల్చి చంపారు. ఇప్పుడు ఆ భయం లేదు. ఫోను లాక్కుపోయే దొంగలు, కడుపులో పురుగులు, టైఫాయిడ్, అంతే.

చీకటి పడ్డాక మోటోటాక్సీ నడిపే ఒకాయన ఇల్లు. భార్య మార్కెట్లో కూరగాయలమ్ముతుంది. ఇద్దరు పిల్లలు. టీవీ గొంతు తగ్గించి అందరూ బల్ల చుట్టూ కూచున్నారు. ఆయన శుక్రవారాల బీరు మానేశాడు, కాఫీ మానేశాడు, బాప్తిస్మం కావాలంటున్నాడు. అడ్డొచ్చింది పెళ్ళి. తొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తున్నారు గానీ పెళ్ళి చేసుకోలేదు. పెరూలో ఇది మామూలు, ఎవరూ తప్పుపట్టరు. ఈ సంఘంలో పెళ్ళి కాకుండా కలిసుంటే బాప్తిస్మం ఇవ్వరు. మున్సిపాలిటీలో పెళ్ళంటే జనన ధ్రువీకరణ పత్రాలు, వైద్య పరీక్ష కాగితం, సాక్షులు, పెళ్ళి ప్రకటన, రుసుములు. ఆవిడ పత్రం హువాంకవెలికా కొండల్లోంచి రావాలి. వచ్చింది. బల్ల మీద పరిచారు. తల్లి ఇంటిపేరులో ఒక అక్షరం గుర్తింపు కార్డులో ఉన్నదానికి తేడా.

ఆధార్‌లో ఒక అక్షరం తప్పుపడి పింఛను ఆగినవాళ్ళకి ఆ ఇంట్లో అలుముకున్న మౌనం వేరే చెప్పక్కర్లేదు. ఐదాహో కుర్రాడు తన బోధ కాగితాలు పక్కన పెట్టేసి, సవరణకి ఏ కౌంటరు, ఏ రోజు, ఏ కాగితాలు అని నోటుపుస్తకంలో రాసుకుంటాడు. రేపు పొద్దున ఆవిడతో, ఆయనతో కలిసి లైన్లో నిలబడతారు. మున్సిపాలిటీలు తక్కువ రుసుముతో సామూహిక వివాహాలు జరుపుతాయి. ఆ తేదీలోగా సవరణ అయితే ఖర్చు కలిసొస్తుంది. ఇంతా చేసి సభ్యుడయ్యాక ఆయన తన సంపాదనలో పదో వంతు చర్చికి ఇవ్వాలి. చిల్లర లెక్కపెట్టి నీళ్ళు కొనుక్కునే ఇంటి నుంచి పదో వంతు తీసుకోవడం నాకు మింగుడుపడదు. ఆయన మాత్రం, ‘బీరుకి పోయేది అంతకన్నా ఎక్కువే’ అంటాడు.

తొమ్మిదికి గది చేరతారు. ఫోను యాప్‌లో లెక్కలు: కొత్తగా ఎంతమందికి బోధించారు, ఆదివారం ఆరాధనకి ఎంతమంది వచ్చారు, ఎంతమందికి బాప్తిస్మం తేదీ ఖాయమైంది. పైవాళ్ళు అడిగేది ఇవే. లాటిన్ అమెరికాలో ఈ లెక్కల చరిత్ర అంత గొప్పదేం కాదు. చిలీలో 2002 జనగణనలో తమది ఈ మతమని చెప్పినవాళ్ళు లక్షకి కాస్త పైన. చర్చి పుస్తకాల్లో పేర్లు ఐదు లక్షలకి పైన. ఆ ఏడే అపొస్తలుడు జెఫ్రీ ఆర్. హాలండ్‌ని చర్చి చిలీలో కాపురం పెట్టించి రెండేళ్ళు అక్కడి పని చక్కదిద్దమంది. తొందరపడి నీళ్ళలో ముంచినవాళ్ళలో చాలామంది నిలవలేదు. బకెట్లు మోసిన గంటకి, అవ్వ గుమ్మంలో కూచున్న గంటకి, రేపటి లైనుకి యాప్‌లో గడి లేదు. నా దృష్టిలో ఈ రెండేళ్ళలో నిజంగా జరిగే పని ఆ గడి లేని గంటలదే.

ఐదాహో కుర్రాడు చొక్కా కాలరు సబ్బు రాసి బ్రష్‌తో రుద్దుతున్నాడు. సోమవారం సెలవు, బట్టలు, కటింగు, చర్చి ఆవరణలో ఫుట్‌బాల్, ఇంటికి వీడియో కాల్. 2019కి ముందైతే గొంతు వినడానికి ఏడాదిలో క్రిస్మస్, మాతృదినోత్సవం, ఆ రెండు రోజులే. బెంగ తట్టుకోలేక మధ్యలో వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. అలా తిరిగొచ్చినవాళ్ళని సొంత ఊళ్ళో తక్కువగా చూస్తారు. అది అన్యాయం. పద్ధెనిమిదేళ్ళకి ఇంత బరువెత్తి, మోయలేనని నిజం చెప్పినవాడిది తప్పెలా అవుతుంది? పదిన్నరకి దీపం ఆర్పేస్తారు.

ఇలాంటి కుర్రాళ్ళు మనకి దూరపువాళ్ళేం కాదు. 1978లో సమోవాలో ఉద్యోగం చేస్తున్న ఎడ్విన్ ధర్మరాజు దంపతులు ఈ సంఘం మిషనరీలుగా హైదరాబాద్‌లోని తమ బంధువుల దగ్గరికే వచ్చారు. భారతదేశంలో ఈ సంఘం మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. మన తెలుగు ఇళ్ళ పిల్లలూ ఆ నల్ల బ్యాడ్జీ పెట్టుకుని ఊరుగాని ఊళ్ళలో తిరుగుతున్నారు. మన గుమ్మాల ముందుకూ ఎందరో వస్తారు: బైబిలు పట్టుకున్నవాళ్ళు, జనాభా లెక్కలవాళ్ళు, పచ్చళ్ళమ్మే అమ్మాయిలు, చందాల కుర్రాళ్ళు. అక్కర్లేకపోతే అక్కర్లేదనే చెప్పండి. కానీ తలుపు తీసి, మొహం చూసి చెప్పండి. ఎండాకాలమైతే ఒక గ్లాసు మంచినీళ్ళివ్వండి.